పలక మీద సగం పడవ

మోంజీ ఆ రోజు నిజంగా చదివాడా?

ఈ సందేహాన్ని రావియా ఏడేళ్ళుగా మోస్తోంది. మొగుణ్ణి అడగలేదు. అక్కతో అనలేదు. నమాజు అయ్యాక అరచేతులు తెరిచి కూర్చున్నప్పుడు దేవుడికి కూడా ఆ ఒక్క మాట పక్కకి తప్పించి మిగతావన్నీ చెప్పుకునేది. అడిగితే జవాబు వస్తుంది. వచ్చిన జవాబుతో ఒకే కప్పు కింద బతకాలి. అంతకంటే తెలియకపోవడమే నయమనిపించేది. కానీ అమ్మ పోయిన రోజు దగ్గరపడే కొద్దీ, అలెగ్జాండ్రియా మీదికి సముద్రపు గాలివానలు వచ్చే కొద్దీ, ఆ సందేహం కీళ్ళనొప్పిలా తిరగబెట్టేది.

ఆ ఉదయం బాల్కనీలో తాడు కదిలింది. పై అంతస్తు నుంచి అక్క తహానీ బుట్ట దింపుతోంది. మోకాళ్ళు అరిగిపోయి తహానీ మెట్లు దిగడం మానేసింది. వీధిలో బండివాడి టమాటాలకైనా, చెల్లెలితో ఇచ్చిపుచ్చుకోవడాలకైనా ఆమెకు ఆ తాడూ బుట్టే కాళ్ళు.

బుట్టలో పచ్చ అట్ట వేసిన పల్చటి పుస్తకం ఉంది. ఖురాన్‌ని ముప్ఫై భాగాలుగా, ముప్ఫై చిన్న పుస్తకాలుగా కుట్టి పెట్టెలో పెట్టి అమ్ముతారు. పోయినవాళ్ళ పేరు మీద ఇంట్లోవాళ్ళూ ఇరుగుపొరుగూ తలా ఒకటి పంచుకుని కూర్చుంటే ఒక్క పూటలో గ్రంథం మొత్తం పూర్తవుతుంది. ఆ పుణ్యం పోయినవాళ్ళకి చేరుతుంది. ఈ పెట్టె అమ్మ దౌలత్‌ది. ఇప్పుడు తహానీ దగ్గర ఉంది. ప్రతి ఏడూ పంపకం ఆమెదే.

"అందిందా?" పైనుంచి గొంతు.

"అందింది అక్కా. ఒకటేనా?"

"నీకెన్ని కావాలేంటి? పదకొండోది. పోయినేడు అందులోనే తడబడ్డావు, ఈసారైనా చూసుకుని చదువు."

"నాకు కాదు. మోంజీకి."

తాడు ఒకసారి ఊగింది.

"ఆయనకెందుకులే తల్లీ శ్రమ! ఆయన చదువు గుర్రం మీద పోతుంది. మనం నడిచేవాళ్ళం, అందుకోలేం."

కింది బాల్కనీలో దుప్పటి దులుపుతున్న పొరుగావిడ కిసుక్కున నవ్వింది. రావియా పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని లోపలికి తిరిగింది. గుమ్మం పక్కన కుర్చీలో మోంజీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని మర్నాటి ఫూల్ కూర కోసం చిక్కుడు గింజలు ఏరుతున్నాడు. విన్నాడు. వినకుండా ఎలా ఉంటాడు? కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఒక రాయిని రెండు వేళ్ళతో పైకెత్తి వెలుతురులో చూసి, పళ్ళెం అంచున పెట్టాడు. తర్వాత ఇంకో గింజ తీశాడు.

ఏమీ అనడు. అదే రావియాకు బాధ. ఒక్కసారైనా "నేను చదివాను" అని గట్టిగా అరిస్తే నమ్మేసి ఉండేది.

అమ్మ పోయిన నలభయ్యో రోజున ఈ గదిలోనే అందరూ కూర్చున్నారు. పెట్టెలో ఇరవై మూడో పుస్తకం కనబడలేదు. ఎవరో తీసుకెళ్ళి తిరిగివ్వలేదు. "ఇరవై మూడు ఎవరు చదువుతారు?" అని తహానీ అడిగితే, మోంజీ తన పలక పైకెత్తాడు. పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్ అది. ఇంట్లో అందరూ పలక అనేవాళ్ళు. "దీంట్ల ఉన్నది, నేను చదువుత," అన్నాడు. ట్యునీసియాలోని స్ఫాక్స్ నుంచి ఓడలో పనిమీద వచ్చి, ఈ ఊళ్ళోనే ఉండిపోయి ఇన్నేళ్ళయినా ఆ పడమటి యాస అతన్ని వదల్లేదు. చేతులూ కాళ్ళూ కడుక్కుని వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఇంకా తమ భాగాల్లో సగం దగ్గర ఊగుతుండగానే లేచి "అయ్యింది" అన్నాడు. తహానీ తల తిప్పి చెల్లెలి వైపు చూసింది. రావియా తల దించుకుంది. ఆ దించుకున్న తలే అక్కకి జవాబైపోయింది.

తర్వాత కాఫీ వచ్చింది. సోఫా మీద శాలువా కింద పలక ఉందని చూసుకోక తహానీ దాని మీద రాగి పళ్ళెం దించింది. పటుక్కుమంది. "ఆటబొమ్మ మీద దేవుడి మాట చదివితే ఇంతే," అంది తహానీ. అప్పటికి సర్దుకోవడానికి అన్న మాటే. కానీ అది ఇంట్లో నిలిచిపోయింది. ఆ ఏటి నుంచి పంపకంలో మోంజీ లేడు. చదివినవాళ్ళకి తహానీ చేసి పంపే నువ్వుల రొట్టెల్లోనూ అతని వాటా లేదు.

పలక సొరుగులోకి పోయింది. నిద్రపోయేటప్పుడు అది ఒక బొమ్మ చూపించేది. మోంజీ తన ఊరి రేవులో తీసుకున్న తెరచాప పడవ ఫోటో. ఛార్జింగు లేకపోయినా, పగిలిపోయినా, ఆ తెర చివరిసారి చూపించింది చెరిగిపోదట. అందుకే ఏడేళ్ళుగా సొరుగు తెరిచినప్పుడల్లా, పాత తాళంచెవుల మధ్య, దారపు ఉండల మధ్య, రావియాకు సగం పడవ కనిపించేది. మిగతా సగం చోట బూడిదరంగు గీతలు, ఎండుకొమ్మల్లా. వెనక అమరం వైపు లేదు, ముందు ముక్కు వైపు ఉంది. ఎప్పుడూ ఎక్కడికో బయలుదేరుతున్నట్టే ఉండేది.

"రేపు శుక్రవారం, జుమ్మా బజారు గద," అన్నాడు మోంజీ, పళ్ళెం పక్కన పెడుతూ. "వాన లేకుంటే పోదామా?"

"దేనికి?"

"పలకకు తెర దొరుకుతదేమో చూద్దాం. నాకు కాగితం మీద అక్షరాలు చీమల్లెక్క పారిపోతున్నయి రావియా. అండ్ల అయితే ఆలివు కాయలంత చేసుకోవచ్చు." కొంచెం ఆగి, "ఆ పుస్తకం లేకపోయినా నేను చదువుకుంట. ఎవరూ ఇయ్యక్కర్లే."

పలక కొన్న కొత్తలో అతను మురిసిపోతూ అన్న మాట రావియాకు గుర్తొచ్చింది. 'ఎక్కడ ఆపినమో మనం మరుస్తం. ఇది మరవదు.'

మరవదు. అంటే బాగైతే చెప్పేస్తుంది. ఆ రోజు కిటికీ దగ్గర కూర్చుని ఏం చదివాడో, ఎక్కడ ఆపాడో, అసలు తెరిచాడో లేదో. ఏ సముద్రయానం కథో, ఏ చరిత్రో పైకి తేలితే? అమ్మ పేరు మీద, నలభయ్యో రోజున, అబద్ధం చెప్పాడని తేలితే?

"పోదాం," అంది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. రాత్రంతా కురిసిన నీళ్ళల్లో ట్రాము తీగలు తలకిందులుగా వేలాడుతున్నాయి. బజారు నిండా ప్లాస్టిక్ పట్టాలు పరిచి, ఊళ్ళోవాళ్ళు వదిలించుకున్నవన్నీ పోశారు. తలలేని బొమ్మలు, ఒంటి చెప్పులు, ఏ టీవీవో తెలియని రిమోట్లు, ఎవరి పెళ్ళిలోవో ఫోటోలు. ఇదంతా ఒకప్పుడు ఇళ్ళల్లో తమ తమ చోట్ల ఉన్నదే కదా అనుకుంటే రావియాకు నిద్రలో నడుస్తున్నట్టు అనిపించింది.

ఫోన్ల గుట్ట దగ్గర మోంజీ వంగి, అచ్చం తన పలకలాంటిదాన్ని బయటికి లాగాడు.

"చచ్చిపోయిందది, బాబాయ్," అన్నాడు అమ్మేవాడు, టీ ఊదుకుంటూ. "లోపల నీళ్ళు పోయాయి. తర్వాత నా మీదికి రాకు."

"మొహం మంచిగనే ఉన్నదిగా?"

"మొహం మా ఆవిడకీ బాగానే ఉంటుంది. నోరు తెరిస్తేనే తెలిసేది."

రావియా చూపు చూసి వాడు గతుక్కుమన్నాడు. "అయ్యో, మీరున్నారని చూళ్ళేదు పిన్నీ. తీసుకెళ్ళండి, తోచింది ఇవ్వండి."

తెర మీద ఒక పుట ఉంది. ఏదో ఐరోపా భాష. అక్షరాలు తెలుసు గానీ మాటలు తెలియవు. ఎవరో చదువుతూ చదువుతూ, వాక్యం మధ్యలో, నీళ్ళు పోసుకున్నారు. ప్రాణం లేకపోయినా ఆ పుట అలాగే తేటగా నిలిచి ఉంది. ట్రాములో రావియా దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరంతా దాటింది. ఈ వాక్యం ఎలా ముగుస్తుందో ఆ మనిషికి తెలిసిందో లేదో. ఇంకో ప్రతి కొనుక్కుని ఉంటారా? లేక ఆ సగం వాక్యం ఇప్పటికీ వాళ్ళ మనసులో తలుపు తెరుచుకున్న గదిలా ఉండిపోయిందా?

శనివారం మళ్ళీ ముసురు పట్టింది. బాల్కనీ తలుపు దగ్గరికి బల్ల జరిపి, తెల్లటి తువ్వాలు పరిచారు. ఎవరో ఇలాంటిదే విప్పి బిగిస్తున్న వీడియో మోంజీ ఫోన్లో చూశాడు. ఏం చెయ్యాలో అతనికి తెలుసు. కానీ కళ్ళు ఆనవు, వేళ్ళు వణుకుతాయి. చెయ్యాల్సింది రావియా.

"ముందు అంచులు వేడి చెయ్. జుట్టు ఆరబెట్టేదానితోని. దగ్గర పెట్టకు, జర దూరంగ."

వేడికి జిగురు మెత్తబడింది. వాడేసిన ఫోను రీఛార్జి కార్డు అంచుని సందులో దూర్చి రావియా చుట్టూ నెమ్మదిగా నడిపింది. ముందు చట్రం టిక్కు టిక్కుమంటూ లేచొచ్చింది. కింద గసగసాలంత మరలు. ఒక్కొక్కటీ విప్పి, ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతానికి, అవి ఉన్న వరసలోనే అంటించింది. మోంజీ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"గట్టిగ ఊపిరి తీసినా ఎగిరిపోతయి," అన్నాడు.

"అందుకే నువ్వు మాట్లాడకు."

బ్యాటరీ తీగ ఊడదీసింది. పగిలిన తెర వెనక పలుచటి గాజు. అది ఒక్కసారిగా రాలేదు. పొలుసులు పొలుసులుగా వచ్చింది. చేప కడిగేటప్పుడు తోక నుంచి తల వైపుకి గీకినట్టు, కనుబొమల పట్టకారుతో ఒక్కో పొలుసూ తీసి, పాత వార్తాపత్రికలో వేసింది. పడవ కొంచెం కొంచెంగా ఊడిపోయింది. ముందు తెరచాప, తర్వాత తాళ్ళు, ఆఖర్న ముక్కు. ఏడేళ్ళు సొరుగులో బయలుదేరుతూనే ఉన్న పడవ కాగితం పొట్లంలో మెరిసే రవ్వల గుప్పెడు అయింది.

"పోయింది నీ ఊరు," అంది రావియా.

"ఊరు ఎక్కడికి పోదు. అక్కడే ఉన్నది," అన్నాడతను. కానీ పొట్లం మడవడానికి అతనే చెయ్యి చాపాడు.

రెండో పలక నుంచి పరాయి మనిషి పుట ఉన్న తెరని అలాగే వేడి చేసి, ఇంకా మెల్లగా, పగలకుండా ఊడదీసింది. ఆ తెరకి కింద గోధుమరంగు పట్టీ ఒకటి, సిల్కు రిబ్బనులా. దాని కొసని పలకలోని సన్నటి గాడిలో దూర్చి, పైన నల్లటి చిన్న మూత నొక్కితే బిగుసుకుంటుంది. అదే కష్టమైన పని అని మోంజీ ముందే చెప్పాడు. "పట్టీ మడత పడిందంటే ఖతం. ఇంకోటి దొరకదు."

పట్టీని వేళ్ళ మధ్య పట్టుకున్నప్పుడు రావియాకు ఒక ఆలోచన వచ్చింది. ఒక్క మడత. వేలు కొంచెం జారితే చాలు. ఎవరూ తప్పు పట్టరు. పలక నోరు తెరవదు. తను ఇంకో ఏడేళ్ళు ఇలాగే తెలియకుండా బతికేస్తుంది. వయసైపోతున్న ఇద్దరు మనుషులకి అంతకంటే ఏం కావాలి?

"బిస్మిల్లా," అని పట్టీని గాడిలో పెట్టింది. మూత నొక్కింది. మరలన్నీ తిరిగి బిగించింది. మోంజీ మీట నొక్కాడు.

ఏమీ కాలేదు. పరాయి మనిషి పుట అలాగే ఉంది. సగం వాక్యం, సగం దగ్గరే.

మోంజీ మళ్ళీ నొక్కాడు. ఛార్జింగు పెట్టి, కాసేపాగి, మళ్ళీ నొక్కాడు. తర్వాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టాడు.

"ప్రయత్నం చేసినం గద," అన్నాడు. "చాలు."

రావియాకు ముందు కలిగింది ఊరట. ఆ ఊరటని చూసి సిగ్గుపడింది. సాయంత్రం నమాజుకి నిలబడితే ఎన్ని రకాతులు, ఎన్నిసార్లు వంగి లేచిందో లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. నుదురు నేలకి ఆనించినప్పుడు మనసులో ఆ నల్ల మూతే కనబడింది. నిజంగా నొక్కిందా తను? టిక్కుమన్నదా? చెయ్యి అలసిపోయి వదిలేసిందా, లేక మనసే చేతిని ఆపిందా? ఈ రెంటికీ తేడా దేవుడికి తెలుస్తుంది. తనకే తెలియడం లేదు.

ఆదివారం పొద్దున మబ్బు విడిపోయింది. గాలివాన వెళ్ళిపోయాక ఈ ఊరికి ఒక వెలుతురు వస్తుంది. గోడలూ బట్టలూ మనుషుల మొహాలూ అప్పుడే ఉతికి ఆరేసినట్టుంటాయి. మోంజీ ఇంకా లేవలేదు. రావియా తనంతట తానే బల్ల ముందు కూర్చుని, మరలు విప్పి, మూత చూసింది. అది సగమే దిగి ఉంది. అగ్గిపుల్ల మొనతో మెల్లగా నొక్కింది.

టిక్కు.

ఇంత చిన్న చప్పుడు కోసమా అనుకుంది. మీట నొక్కడానికి చెయ్యి రాక, "మోంజీ, లే. ఒకసారి రా," అని పిలిచింది.

మోంజీ నొక్కాడు. పరాయి మనిషి పుట ఒక్కసారి నల్లబడింది. తెల్లబడింది. మళ్ళీ నల్లబడి, కలలోంచి లేచినవాళ్ళు కళ్ళు నలుపుకున్నట్టు నాలుగైదు సార్లు రెపరెపలాడింది. ఆ వాక్యం ఇక ఏ భాషలోనూ లేదు. దాని చోట పుస్తకాల పేర్ల వరస తేలింది. అన్నిటికంటే పైన, చివరిసారి తెరిచిన పుస్తకం పేరు. ఖురాన్. స్ఫాక్స్ నుంచి అతని తమ్ముడు పంపిన ప్రతి.

రావియా కుర్చీ పట్టుకుంది. తెరిచాడు. కనీసం తెరిచాడు.

మోంజీ వేలితో దాన్ని తాకాడు. పుట వచ్చింది. పడమటి దేశాల గుండ్రటి రాత, పెద్ద పెద్ద అక్షరాలు. రావియా ముందుకు వంగి చదివింది.

"ఇది హూద్ అధ్యాయం," అంది.

"అవును."

"ఇరవై మూడో భాగం యాసీన్ అధ్యాయంలోంచి మొదలవుతుంది మోంజీ. చావు ఇళ్ళల్లో అందరూ చదివేది. ఇదెక్కడో ముందు. దీనికీ దానికీ సగం ఖురాన్ దూరం ఉంది."

"లేదు లేదు, ఇగో చూడు." అతను మామూలుగా, కూరగాయలవాడి తూకం సరిచూస్తున్నట్టు వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ ఇరవై నాలుగు మొదలైతది, రాసిపెట్టి ఉన్నది. దీని ముందు పుట దాంక ఇరవై మూడు. నేను ఇక్కడికొచ్చి చూసి ఆగిన. అత్తమ్మ పేరు మీద నూహ్ ప్రవక్త పడవ కట్టింది, వరదొచ్చింది, అంతా చదివిన. మా ఊరి పడవలు యాదికొచ్చినయి. అందుకే ఏం చదివిన్నో మరిచిపోను."

పుట నెత్తిన నిజంగానే ఇరవై నాలుగు అంకె ఉంది. రావియా దానివైపూ అతని వైపూ చూసింది. తర్వాత బాల్కనీలోకి పరిగెత్తినంత పని చేసింది.

"అక్కా! తహానీ అక్కా! పెట్టెలోంచి పన్నెండోది దింపు!"

"పదకొండోది నీ దగ్గరుంది కదే. అది చదివి చావు ముందు!"

"దింపక్కా, నీకు దణ్ణం పెడతా."

గొణుగుడు, చెప్పుల చప్పుడు, బుట్ట దిగింది. రావియా పన్నెండో పుస్తకాన్ని పలక పక్కన పెట్టి పుటలు తిప్పింది. మొదటి పుటలో లేదు. సరిగ్గా నడిమధ్యన, కుట్టు దారం కనబడే చోట, అవే మాటలు. అదే హూద్. అదే పుట.

"మోంజీ, మీ ఊళ్ళో ఖురాన్ ఎన్ని భాగాలు?"

"ఎన్నేంది? అరవై. రోజూ మసీదులో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి..." అని ఆగిపోయాడు. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఈ ఊరి పుస్తకాలు ఎన్నోసార్లు చేతికిస్తే తీసుకుని చదివేవాడే. ఏ అంకె ఎక్కడిదని ఎప్పుడు చూడాల్సొచ్చింది? "మీ ముప్ఫైలో ఒకటంటే... మావి రెండు."

"నీ ఇరవై మూడు మా పన్నెండులో సగం."

అందుకే సగం సమయంలో లేచాడు. అంతే. ఏడేళ్ళ సందేహం ఇంత పల్చటి పుస్తకం మడతలో కూర్చుని ఉంది. రావియాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే కళ్ళు నిండాయి. "చదివావు," అంది. "నువ్వు చదివావు."

"ఏం చదివిన? తప్పు చదివిన! మీ అమ్మకు పడవ రెండుసార్లు పోయింది, ఇరవై మూడు అసలే పోలే." మోంజీ తల పట్టుకున్నాడు. "ఏడేండ్ల నుంచి అప్పు ఉన్నట్టే గద నేను!"

"తప్పో ఒప్పో, చదివావు కదా."

అప్పుడు అతను తలెత్తాడు. ఆమె ఎందుకు నవ్వుతోందో, ఎందుకు ఏడుస్తోందో నెమ్మదిగా అర్థమైంది. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"చదవలేదనుకున్నవా?"

రావియా అయస్కాంతం మీద ఇంకా బిగించని ఒక మరని వేలితో దొర్లించింది.

"వదిన అనుకుంటున్నదని తెలుసు," అన్నాడు. "ఆమెకు నేనెప్పుడూ చెప్పుకోలే. నువ్వు కూడా అని తెల్వదు." కాసేపు వీధిలో గ్యాసు సిలిండర్లవాడు పానాతో టంగు టంగున కొట్టుకుంటూ వెళ్ళాడు. "ఒక్క మాట అడగకపోతివి రావియా."

"నువ్వూ ఒక్క మాట చెప్పకపోతివి," అంది ఆమె, అతని యాసలోనే. ఎగతాళికి కాదు. ఆ క్షణంలో వేరే భాష రాలేదు.

మోంజీ లేచి చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కొచ్చేలోపు ఆమె మరలు బిగించేసింది. మోంజీ కుర్చీని బాల్కనీలోకి లాగాడు. పాతరకం పలక, దానికి సొంత వెలుగు లేదు. ఎండ ఎక్కడుంటే అక్కడ చదవాలి. వేలితో పుటలు తిప్పుకుంటూ వెళ్ళాడు. ఈ ఊరి ఇరవై మూడు అతని ఊళ్ళో నలభై అయిదు, నలభై ఆరు. రావియా పక్కన నిలబడి వేళ్ళు మడిచి సరిచూసింది. అక్షరాలు ఆలివు కాయలంత చేశాడు.

"ఇది ఈ ఏటిది కాదు," అన్నాడు. "నలభయ్యో రోజుది."

ఎలుగెత్తి చదవడం మొదలుపెట్టాడు. పడమటి చదువు వేరు. కొన్ని అక్షరాలని వీళ్ళు నొక్కిన చోట వాళ్ళు తేలుస్తారు, వీళ్ళు ఆగిన చోట సాగదీస్తారు. పెళ్ళయిన కొత్తలో తనవాళ్ళ ముందు అతను చదువుతుంటే రావియా కొంగు సర్దుకుంటూ అటెటో చూసేది. ఇప్పుడు గుమ్మానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి వెలుతురు వచ్చి పలక మీద, అతని వేళ్ళ మీద కదులుతోంది. ఒక్కో పుటా నల్లబడి, తెల్లబడి, మళ్ళీ నిండుతోంది.

"ఏమిటే ఇది? ఎందుకు చదువుతున్నాడు? వర్ధంతి ఎల్లుండి కదా!" పైనుంచి తహానీ.

రావియా కమ్మీ పట్టుకుని మెడ పైకెత్తింది. గొంతు తగ్గించి, చేతులతో, కళ్ళతో, మొత్తం చెప్పింది. ముప్ఫై, అరవై, పన్నెండు, పడవ.

"వాళ్ళ ఊళ్ళో ఖురాన్ వేరేనా ఏమిటి?"

"ఖురాన్ ఒకటే అక్కా. కోసుకోవడమే వేరు. మనం పెద్ద ముక్కలు, వాళ్ళు చిన్న ముక్కలు."

తహానీ మొహం కమ్మీ వెనక్కి తగ్గిపోయింది. తలుపు వేసేసుకుందేమో అనుకుంది రావియా. అంతలో పైన నేల మీద కుర్చీ ఈడ్చిన చప్పుడు. అది బాల్కనీ అంచుదాకా వచ్చి ఆగింది. కుర్చీలో బరువు కూలబడిన చప్పుడు.

మోంజీ గమనించలేదు. చదువుతూ పోయాడు. ఒకచోట గొంతు ఎండితే రావియా నీళ్ళిచ్చింది, రెండు గుక్కలు తాగి మళ్ళీ అందుకున్నాడు. కొంతసేపటికి పైనుంచి కుర్చీ కిర్రుమనడం, వంటింట్లో గిన్నెల చప్పుడు, పొయ్యి సెగతో పాటు నువ్వులూ సోంపూ వేగే వాసన. ఆ వాసనలో అమ్మ ఉంది. రావియా కళ్ళు మూసుకుంది. ఎన్నాళ్ళుగానో తెరిచే ఉన్న వాకిలి దగ్గర అమ్మ చెప్పులు విప్పి లోపలికి వస్తున్నట్టనిపించింది. నిజంగా ఈ చదువు ఇవాళే చేరుతుందా? లేక తప్పు చదివిన రోజునే, ఆ పడవ మీదే, మొత్తం చేరిపోయిందా? ఆ లెక్క తన చేతిలోది కాదు. అది మొదటిసారిగా ఊరటగా తోచింది.

మధ్యాహ్నం దాటి, గోడల మీది ఎండ పసుపెక్కాక, మోంజీ గొంతు నిదానించింది. ఆఖరి వాక్యం సాగి, నిలిచింది. పలకని ఒళ్ళో పెట్టుకుని అరచేతులు తెరిచాడు. "రావియా తల్లి దౌలత్‌కు," అని మొదలుపెట్టి, తడబడి, "మా అత్తమ్మకు," అన్నాడు. పై బాల్కనీ నుంచి బొంగురు గొంతు ఒకటి, రావియా కంటే ముందే, "ఆమీన్" అంది.

తాడు కదిలింది.

బుట్ట ఊగుతూ, కమ్మీకి ఒకసారి తగిలి, మోంజీ మోకాళ్ళ ఎత్తున ఆగింది. లోపల తెల్ల గుడ్డ. గుడ్డ కింద, పొయ్యి మీంచి అప్పుడే తీసిన నువ్వుల రొట్టె.

"వేడి తగ్గకముందే తినమను," అంది తహానీ, కనబడకుండానే. "ఏడేళ్ళవీ ఒకేసారి చెయ్యలేను నేను. మోకాళ్ళు లేవు."

మోంజీ రొట్టె అందుకున్నాడు.